అప్పు మొత్తం తీర్చేసి పీహెచ్‌డీకి వెళ్లాలా?

ప్రశ్న: నా వయసు 27. ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయ్యాక నాలుగేళ్లుగా ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో టెస్ట్ ఇంజనీర్‌గా చేస్తున్నాను. నానో ఆప్టిక్స్, ప్లాస్మోనిక్స్‌లో పీహెచ్‌డీకి రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి పేరున్న సిమ్యులేషన్ గ్రూపు, రెండోది బయోసెన్సర్లు తయారుచేసే ప్రయోగాల ల్యాబ్. ఎక్కడైనా ఐదేళ్ల ఫెలోషిప్పే, నా జీతంలో సగం కూడా ఉండదు. చదువు కోసం తీసుకున్న అప్పు ఇంకా ఉంది, వడ్డీ 10 శాతం. దాచుకున్న డబ్బుతో అప్పు మొత్తం కట్టేసి వెళ్లనా, లేక డబ్బు చేతిలో ఉంచుకోనా? అసలు ఈ సబ్జెక్టుతో బతుకుతెరువు ఉంటుందా?

సమాధానం: చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, మిగతా లెక్కంతా దాని మీదే ఆధారపడి ఉంది కాబట్టి. బతుకుతెరువు ఉంటుంది. కాకపోతే ప్లాస్మోనిక్స్ ఇంజనీర్ కావలెను అనే ప్రకటన కోసం ఎదురుచూస్తే ఏళ్లు గడిచిపోతాయి, ఆ పేరుతో ఉద్యోగాలు వచ్చేది చాలా అరుదు. థిన్ ఫిల్మ్ (పలచటి పూతలు), ఆప్టికల్ మెట్రాలజీ (కాంతితో కొలతలు), ప్రాసెస్ ఇంజనీర్, ఆప్టికల్ డిజైన్, అప్లికేషన్స్ సైంటిస్ట్, ఇలాంటి పేర్లతో వస్తాయి. అందుకే పీహెచ్‌డీ ఎంచుకునేటప్పుడు థీసిస్ టైటిల్ కన్నా ఐదేళ్లలో మీ చేతికి ఏ పని అలవాటవుతుందన్నది నాకు ముఖ్యం. డబ్బు సలహా అడిగితే సైన్సు చెబుతున్నాడేమిటని అనుకోకండి. మీ వయసులో మీకున్న అతిపెద్ద ఆస్తి ముందున్న ముప్పై ఏళ్ల సంపాదనే, ఎఫ్‌డీలు దాని ముందు చిల్లర.

మీకు తెలిసిందే అయినా, మిగతా పాఠకుల కోసం రెండు మాటలు. మామూలు లెన్సుతో కాంతిని దాని తరంగదైర్ఘ్యంలో దాదాపు సగం కన్నా చిన్న చుక్కగా చేయలేం, ఈ హద్దును 1873లో జర్మన్ శాస్త్రవేత్త అబ్బే చెప్పాడు. బంగారం, వెండి లాంటి లోహాల ఉపరితలం మీద ఎలక్ట్రాన్లను కాంతితో కలిసి ఊగేలా చేస్తే ఆ కాంతిని పదుల నానోమీటర్లలోకి కుదించవచ్చు. ఆ ఊపునే ప్లాస్మాన్ అంటారు, దాంతో చేసే పనే ప్లాస్మోనిక్స్. చిక్కేమిటంటే లోహం ఆ శక్తిని తినేసి వేడిగా మార్చేస్తుంది. 2000 తర్వాత చిప్పుల్లో రాగి తీగల స్థానంలో ప్లాస్మాన్లు పరుగెడతాయని చాలా ఆశపడ్డారు, అది అనుకున్నట్టు జరగకపోవడానికి పెద్ద కారణం ఈ నష్టమే. కనిపించే కాంతిలో అయితే ప్లాస్మాన్ కొన్ని పదుల మైక్రాన్లు పోయేసరికి ఆవిరైపోతుంది.

కాబట్టి ఈ రంగంలో డబ్బు ఎక్కడుందో చూడాలంటే ఒక్క ప్రశ్న చాలు: ఈ నష్టంతో వీళ్లు ఏం చేస్తున్నారు? అసలు దూరం పోనక్కర్లేని చోట ప్లాస్మోనిక్స్ హాయిగా నిలబడింది. ఉపరితల ప్లాస్మాన్ రెజొనెన్స్‌తో ప్రోటీన్లు ఒకదానికొకటి ఎలా అతుక్కుంటున్నాయో చూసే బయాకోర్ యంత్రం 1990లో మార్కెట్లోకి వచ్చింది, మందుల పరిశోధనలో ఇప్పటికీ వాడుతున్నారు. కాంతిని బుల్లి చుక్కగా కుదించడమే పని అయిన చోట కూడా నిలబడింది. సీగేట్ 2024లో ప్రకటించిన 30 టెరాబైట్ల హార్డ్ డిస్కుల్లో రాసే తల దగ్గర ఒక బుల్లి ప్లాస్మోనిక్ యాంటెన్నా ఉంటుంది, అది లేజర్ కాంతిని పదుల నానోమీటర్ల చుక్కగా చేసి డిస్కును ఆ చుక్క మేరకే వేడిచేస్తుంది. అక్కడ వేడెక్కాల్సింది డిస్కు, యాంటెన్నా కాదు, కానీ లోహంలో నష్టం వల్ల అదీ వేడెక్కుతుంది, ఆ యాంటెన్నా పాడవకుండా ఏళ్ల తరబడి ఉండాలి, ఇంజనీర్లకు జీతాలిచ్చేది దానికి. ఇక నష్టం వద్దనుకున్నవాళ్లు లోహాన్నే వదిలేసి సిలికాన్, టైటానియం డయాక్సైడ్‌తో మెటాసర్ఫేస్‌లు, అంటే నానో స్తంభాలతో కాంతిని మలిచే పలచటి ఉపరితలాలు, చేస్తున్నారు. హార్వర్డ్‌లో ప్రొఫెసర్ కపాసో గ్రూపు నుంచి 2016లో పుట్టిన మెటాలెంజ్ అలాంటి కంపెనీయే. మీకు కాబోయే గైడ్‌ని ఇదే ప్రశ్న అడగండి. జవాబు తడబడితే, లేదా మనం చేసేది ఫండమెంటల్ అని దాటేస్తే, ఆ మాట తప్పని కాదు గానీ మీ లెక్కలో అది ప్రొఫెసర్ ఉద్యోగం దారి అని రాసుకోండి.

ఆ దారి గురించి పెద్దగా చెప్పేది లేదు. ఒక ప్రొఫెసర్ తన సర్వీసులో పాతిక మంది దాకా పీహెచ్‌డీలను తయారుచేస్తే, ఆయన రిటైరయ్యాక ఖాళీ అయ్యేది ఒక్క కుర్చీ. మధ్యలో ఒకటి రెండేళ్ల కాంట్రాక్టు పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు), ఊళ్లు మారడాలు, దేశాలు మారడాలు, ప్రతిసారీ వీసా, డిపాజిట్, టికెట్ల ఖర్చు మన జేబులోంచి ముందు పోతుంది, అవి ఇచ్చేవాళ్లు ఉన్నా తర్వాతెప్పుడో ఇస్తారు.

రెండు ల్యాబుల విషయానికొస్తే, నేనైతే ప్రయోగాల ల్యాబు వైపే. సిమ్యులేషన్ తక్కువని కాదు, ఎఫ్‌డీటీడీ (కాంతి కదలికను కంప్యూటర్లో లెక్కగట్టే పద్ధతి) బాగా వచ్చినవాళ్లకు ఫోటోనిక్స్ కంపెనీల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో గిరాకీ ఉంది. కానీ అది ప్రయోగాల ల్యాబులో కూర్చుని రాత్రిపూట నేర్చుకోవచ్చు, మీప్ లాంటి ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతాయి. నానో ఆకారాలు గీసే ఎలక్ట్రాన్ బీమ్ యంత్రం మాత్రం ఇంటికి తెచ్చుకోలేం. ఒక చిన్న సంగతి చూడండి. సెన్సర్ కోసం గాజు మీద 50 నానోమీటర్ల బంగారం పూస్తారు. బంగారం గాజుకు సరిగ్గా అంటదు, అందుకని కింద రెండు మూడు నానోమీటర్ల క్రోమియమో టైటానియమో వేస్తారు. ఆ పలచటి పొరే ప్లాస్మాన్‌ని మింగేసి సిగ్నల్‌ని మొద్దుబారుస్తుంది. ఎక్కువ వేస్తే సిగ్నల్ పోతుంది, తక్కువ వేస్తే నీళ్లు తగిలిన రోజున బంగారం ఊడొస్తుంది. సిమ్యులేషన్‌లో అందరూ బంగారం కాంతి గుణాల మీద 1972 నాటి జాన్సన్, క్రిస్టీ కొలతలు పెట్టుకుని బ్రహ్మాండమైన గ్రాఫు గీస్తారు, శాంపిల్ చేస్తే రాదు, ఎందుకంటే మన పొరలో బంగారు రేణువుల సైజు వేరు, గరుకుతనం వేరు. ఎందుకు రాలేదో చెప్పగలిగిన మనిషిని చిప్ ఫ్యాక్టరీ తీసుకుంటుంది, కోటింగ్ కంపెనీ తీసుకుంటుంది, కొలత యంత్రాలు చేసేవాళ్లూ తీసుకుంటారు. వీళ్లలో ఎవరికీ ప్లాస్మాన్ అనే మాటతో పనిలేదు. పైగా మీరు నాలుగేళ్లుగా టెస్టింగ్‌లో ఉన్నారు, కొలతల ఆటోమేషన్‌కు ప్రోగ్రాములు రాశారు. చిప్పుల మీద గీతల వెడల్పును పరావర్తనమైన కాంతితో కొలిచే మెట్రాలజీ పనికి అందులో సగం అర్హత మీకు ఇప్పటికే ఉంది.

ఒక్క షరతు. క్లీన్‌రూమ్ (దుమ్ము లేకుండా శాంపిళ్లు చేసే గది) క్యాంపస్‌లోనే ఉందా, విద్యార్థులు స్వయంగా యంత్రం మీద కూర్చుంటారా, లేక టెక్నీషియన్‌కి ఫైలు పంపి శాంపిల్ వచ్చేదాకా ఆగుతారా అని అక్కడి సీనియర్లను అడగండి, గైడ్‌ని కాదు. రెండోదే అయితే నేను పైన చెప్పిందంతా సగానికి తగ్గిపోతుంది.

ఇప్పుడు డబ్బు. మీరు పంపిన అసలు అంకెలు ఇక్కడ వేయడం లేదు, మీ నెల జీతాన్ని 100 అనుకుని మిగతావన్నీ దాంతో పోల్చి రాస్తున్నాను. ఖర్చు 45, ఇంటికి 15, ఇఎంఐ 15, మిగులు 25. దాచింది 700, అప్పు బాకీ 400. ఫెలోషిప్ 45.

ముందు చేదు లెక్క. నెలకు 55 చొప్పున ఐదేళ్లు వదులుకుంటున్నారంటే 3,300, అంటే 33 నెలల జీతం, ఇంక్రిమెంట్లు కలపకుండానే. పీహెచ్‌డీ తర్వాత, ఇదే ఉద్యోగంలో ఉంటే అప్పటికి వచ్చేదానికన్నా నెలకు 30 ఎక్కువ వచ్చిందనుకున్నా అది పూడటానికి 9 ఏళ్లు పైనే పడుతుంది, మీకు 41 దాటుతాయి. మధ్యలో పోస్ట్‌డాక్ చేస్తే ఇంకా వెనక్కి జరుగుతుంది. కాబట్టి జీతం పెరుగుతుందని మాత్రం వెళ్లకండి. ఆ పని చేయాలని ఉంటే వెళ్లండి, దానికి మీరు కట్టే ధర ఇది, ఈ ధర మీరు భరించగలరు.

ఎలా భరిస్తారో చూద్దాం. ఖర్చు 35కి తేవాలి, గది ఇంకొకరితో పంచుకుంటే అవుతుంది. ఇంటికి పంపేది 10 చేయాలి, ఈ మాట చేరాక కాదు, ఇప్పుడే అమ్మానాన్నలతో మాట్లాడండి. రెండూ కలిపి 45, ఫెలోషిప్ అక్కడికి సరి. ఇఎంఐకి పైసా మిగలదు. అప్పు అలాగే ఉంచితే నెలకు 15 చొప్పున దాచుకున్నదాంట్లోంచి తీస్తూ పోవాలి, పైగా 10 శాతం వడ్డీ దండగ. మొత్తం కట్టేస్తే చేతిలో 300 మిగులుతుంది. ఇదే మంచిది కదా అంటారు మీ స్నేహితులు, వడ్డీ వరకు చూస్తే నిజమే. కానీ కట్టేసిన డబ్బు మళ్లీ బ్యాంకు నుంచి రాదు, ఫెలోషిప్ మీద బతికే విద్యార్థికి పర్సనల్ లోన్ ఇవ్వడానికి ఎవరూ ఉత్సాహపడరు. మొదటి ఏడాది డబ్బు అవసరం ఎక్కువ: మొదటి ఫెలోషిప్ నెలల తరబడి ఆలస్యం కావచ్చు, డిపాజిట్, ల్యాప్‌టాప్, ఏడాది తిరిగేలోపు గైడ్‌తో పొసగక బయటకు రావాల్సి వస్తే ఉద్యోగం దొరికేదాకా తిండి.

అందుకని 250 కట్టండి, 150 బాకీ ఉంచండి. బ్యాంకులో అడగాల్సింది ఏమిటంటే, గడువు తగ్గించొద్దు, ఇఎంఐ తగ్గించండి అని. ముందస్తుగా కడితే వాళ్లు మామూలుగా గడువు తగ్గిస్తారు, జీతం ఉన్నవాళ్లకు అదే లాభం, జీతం తగ్గబోయే మీకు కాదు. మీ ఇఎంఐ 15 నుంచి దాదాపు 5.6కి వస్తుంది, రెండున్నరేళ్లలో అప్పు తీరిపోతుంది, దీనికి మీరు అదనంగా ఇచ్చే వడ్డీ 20 దాకా, అందులో కొంత మీ ఎఫ్‌డీ వడ్డీ తిరిగి ఇస్తుంది. మొదటి రోజు చేతిలో 450 ఉంటుంది. అప్పు తీరేసరికి 280. ఆ 280ని ముట్టుకోకండి, పెళ్లి మాట వచ్చినా, షేర్లు పడిపోయి చవగ్గా దొరుకుతున్నాయని ఎవరైనా చెప్పినా సరే. అది ఐదో ఏడాది తర్వాత కోసం. ప్రయోగాల పీహెచ్‌డీల్లో యంత్రం పాడై ఆర్నెల్లు పోవడం మామూలు, ఫెలోషిప్ మాత్రం ఐదేళ్లకి టంచనుగా ఆగిపోతుంది. నెలకు 45 చొప్పున ఆరు నెలలంటే 270. సరిగ్గా సరిపోతుంది. ఆ ఆరు నెలలు లేక హడావిడిగా దొరికిన మొదటి పోస్ట్‌డాక్‌లో చేరిపోయి, ఇండస్ట్రీ ఇంటర్వ్యూలకు టైమే లేకుండా చేసుకున్నవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు.

ఇంకో దారి కూడా ఉంది, ప్రయత్నించారో లేదో మీరు రాయలేదు. నెదర్లాండ్స్, స్వీడన్ లాంటి దేశాల్లో పీహెచ్‌డీ విద్యార్థి చాలావరకు యూనివర్సిటీ ఉద్యోగే, కాంట్రాక్టు, జీతం, పెన్షన్ జమ ఉంటాయి. చేరడానికి ఇంకా గడువుంటే నాలుగైదు దరఖాస్తులు పెట్టి చూడటంలో పోయేదేం లేదు.

రాజీనామా ఇచ్చేముందు పనులు ఈ వరుసలో కానివ్వండి. మొదట ఇఎంఐ తగ్గింపు బ్యాంకు నుంచి కాగితం మీద తెచ్చుకోండి, జీతం స్లిప్పులు ఉన్నప్పుడు వాళ్లు మాట వింటారు. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఆఖరి పనిదినంతో పోతుంది, అమ్మానాన్నలు కూడా అందులోనే ఉన్నారని రాశారు కాబట్టి విడిగా పాలసీ ఇప్పుడే తీసుకోండి. టర్మ్ పాలసీ కూడా ఆదాయం చూపించగలిగిన ఈ నెలల్లోనే. ఆ తర్వాత గైడ్‌కి ఒక మెయిల్ పెట్టి, ఐదేళ్లు దాటితే ప్రాజెక్టు నుంచి ఎన్ని నెలలు డబ్బు ఇవ్వగలరని అడగండి. జవాబు రాతపూర్వకంగా వచ్చాకే హెచ్‌ఆర్‌కి రాజీనామా పంపండి.