ఓడ దిగి కొండ ఎక్కాం, కాలు విరిగింది: పరిహారం ఎవరినడగాలి?

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని, విజయవాడ వాసిని. గత జూలైలో హైదరాబాద్‌లోని ఒక ట్రావెల్ ఏజెన్సీకి ఇద్దరికీ కలిపి ఆరు లక్షలు కట్టి అలాస్కా క్రూయిజ్‌కు వెళ్లాం. సియాటిల్‌లో ఓడ ఎక్కాం. ఓడ జూనోలో ఆగే రోజుకు కార్యక్రమ పత్రంలో ‘తేలికపాటి కొండ నడక, పెద్దలకూ అనువైనది’ అని రాశారు. ఏజెన్సీ పంపిన టూర్ మేనేజరు మమ్మల్ని మౌంట్ రాబర్ట్స్ కాలిబాట ఎక్కించాడు. దిగేటప్పుడు నా భార్య జారిపడింది, చీలమండ విరిగింది. మేం ఆసుపత్రిలో ఉండగానే ఓడ వెళ్లిపోయింది. సొంత ఖర్చుతో విమానంలో సియాటిల్ చేరాం. ఏజెన్సీ ‘మేం బుకింగ్ వరకే’ అంటోంది. ఓడ కంపెనీ తనకు సంబంధం లేదంటూనే ఏదో జరిమానా కట్టమంటోంది. బీమా సంస్థ ‘సాహస క్రీడ’ అని క్లెయిమ్ తిరస్కరించింది. ఎవరి మీద కేసు వేయాలి?

జవాబు: మాస్టారూ, మీ కేసు ఏజెన్సీ మీదే. మీ చేతిలో ఉన్న బలమంతా ఆ కార్యక్రమ పత్రంలోని ఒక్క వాక్యం.

ఆ బాట ఎలాంటిదో చూడండి. జూనో ఊరి అంచున మొదలై, స్ప్రూస్ చెట్ల అడవిలో మలుపులు తిరుగుతూ, సముద్ర మట్టానికి సుమారు 1,800 అడుగుల ఎత్తున ఉన్న ట్రామ్ (రోప్‌వే) స్టేషన్ దాకా ఎక్కుతుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల చేరినవారికి ఆ ఎత్తు లెక్కలోకి రాకపోవచ్చు. కానీ అక్కడ కాలికింద మెట్టుంటుంది, చాలాచోట్ల నెత్తిన కప్పుంటుంది. ఇక్కడ వానకు నానిన చెట్ల వేళ్లు, బురద. పైకి ట్రామ్ ఉండగా పెద్దవాళ్లను కాలిబాటన నడిపించి, దానికి ‘తేలికపాటి’ అని పేరు పెట్టడం వినియోగదారుల చట్టం దృష్టిలో సేవాలోపం, తప్పుదోవ పట్టించే ప్రకటన కూడా.

2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోటే కేసు వేయవచ్చు. బిల్లు అడుగున ‘హైదరాబాద్ కోర్టుల పరిధికి లోబడి’ అని ఉందని వెనుకాడకండి. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపే కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. ఆరు లక్షలకు రుసుము 200 రూపాయలు. గడువు ఘటన జరిగిన నాటి నుంచి రెండేళ్లు. ముందు లాయరు నోటీసు పంపండి. ఏజెన్సీతో నడిచిన వాట్సాప్ సందేశాలుంటే వాటికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డు ధ్రువపత్రం జతచేయండి, లేకపోతే అవతలి లాయరు మొదట దాన్నే పట్టుకుంటాడు. ‘కొండను కళ్లతో చూశాక ఎందుకెక్కారు?’ అని కూడా అడుగుతాడు. అది అర్థం లేని ప్రశ్న కాదు. అందుకే కోటి రూపాయలు అడగకండి. వైద్య ఖర్చు, బస, వాడుకోని ఓడ రోజుల సొమ్ము, విమాన ఛార్జీ, మనోవేదనకు ఓ సమంజసమైన మొత్తం అడగండి. విమాన ఛార్జీ మీద వాదన వస్తే ఒక మాట చాలు: జూనోకు బయటి ఊళ్ల నుంచి రోడ్డు లేదు, ఓడ పోతే విమానమో ఫెర్రీయో, విరిగిన కాలితో విమానమే దారి.

ఓడ కంపెనీ సంగతి. గాయం గురించి ఆరు నెలల్లో నోటీసు, ఏడాదిలో దావా అని టికెట్‌లోనే షరతు పెట్టుకోవడానికి అమెరికా చట్టం ఓడ యజమానులను అనుమతిస్తుంది. దావా ఏ ఊళ్లో వేయాలో కూడా టికెట్టే చెబుతుంది. పడమటి తీరంలోని వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన ఒకావిడ ఓడలోనే జారిపడితే, టికెట్‌లో ఉంది కాబట్టి దేశం అవతలి కొసనున్న ఫ్లోరిడా వెళ్లి దావా వేసుకోవాల్సిందేనని అమెరికా సుప్రీంకోర్టు 1991లో తేల్చింది. కంపెనీ సొంత ఓడ మీద పడినామెకే ఆ గతి పట్టింది. వాళ్లు అమ్మని నడకలో, తీరం మీద పడిన మీకు ఎనిమిది నెలల తర్వాత అక్కడ దొరికేది ఖర్చే. ఆ నడక ఓడలోని తీర విహారాల కౌంటరులో కొన్నదైతే కొంత ఆలోచించేవాడిని.

బీమా తిరస్కరణను అలా వదిలేయకండి. పాలసీలో ‘సాహస క్రీడ’ నిర్వచనం చదవండి. తాళ్లు, పరికరాలతో చేసే పర్వతారోహణ అని ఉంటే, గుర్తులున్న కాలిబాట మీద నడక దానికింద రాదని వాదించవచ్చు. ముందు బీమా సంస్థకే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. ఒప్పుకోకపోతే తిరస్కరించిన ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి, రుసుము లేదు.

ఇక జరిమానా. 1886 నాటి చట్టం ప్రకారం విదేశీ జెండా ఓడ (విదేశంలో నమోదైనది) ఒక అమెరికా రేవులో ఎక్కిన ప్రయాణికుణ్ని మరో అమెరికా రేవులో దించి వెళ్లిపోకూడదు. సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లొచ్చే ఓడలు మధ్యలో కెనడాలోని విక్టోరియా లాంటి విదేశీ రేవులో ఆగేదీ ఆ చట్టం వల్లే. మీరు జూనోలో మిగిలిపోయారు కాబట్టి ఓడకు పడే జరిమానా మీకు బదిలీ చేస్తున్నారు. అది వైద్య అత్యవసరమని, అమెరికా కస్టమ్స్ శాఖను మినహాయింపు కోరమని కంపెనీకి రాయండి. ఆసుపత్రి రికార్డులో మీ శ్రీమతిని చేర్చుకున్న సమయం ఉంటుంది. అది ఓడ కదిలిన వేళకు ముందుదైతే, ఆ కాగితం నకలు ఈ ఉత్తరానికీ కమిషన్‌లో ఫిర్యాదుకూ జతచేయండి.