పానా పక్కన పెట్టి, ముందు చెవి పెట్టు

అబ్బోడా,

నిన్న ఫోన్‌లో నీ గోడంతా విన్నా. సైకిలు టక్కుటక్కుమంటాంటే టవర్‌క్లాక్ కాడ జనం తిరిగి చూస్తాండారంటివి. పానా పట్టుకొని కనపడిన నట్టల్లా బిగించినానంటివే, అదే తప్పు. శబ్దం యాడ పుడతాందో తెలిసేదాకా పానా ముట్టద్దు.

పొద్దున్నే ఖాళీ రోడ్డు చూసుకో. కొంచెం దూరం తొక్కి, పెడళ్ళు ఆపేసి ఊరికే పోనీ. శబ్దం ఆగిపోయిందా, అది పెడలు, క్రాంకు (పెడలును మోసే ఇనప చెయ్యి), బీబీ (క్రాంకుల ఇరుసు తిరిగే గుండ్ల గూడు), చైను, ఈ నలుగురిలో ఒకరిది. ఆగకపోతే చక్రాల దిక్కు చూడు. వెనక చక్రానికుండే పళ్ళ చక్రం, అదే ఫ్రీవీలు, చిటచిటమనేది మాత్రం జబ్బు కాదు, దాని జోలికి పోవద్దు. సీటు మీంచి లేచి నిలబడి తొక్కితే ఆగిందంటే సీటుదే.

ఇది నేను డబ్బు పోగొట్టుకొని నేర్చుకున్న ముక్క. నేను ఉత్తరాలు పంచే కాలంలో బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద ఎదురుగాలికి తొక్కుతాంటే కిర్రుమనేది. షాపులో బీబీ అంతా విప్పించి, గుండ్లు కప్పులు కొత్తవి ఏయించినా. మర్నాడు మళ్ళీ కిర్రు! కడాకు చూస్తే సీటు కింద బోల్టు వదులు.

ఇంక లెక్క. మన సైకిలుకు ముందు పళ్ళ చక్రానికి 44 పళ్ళు, వెనక ఫ్రీవీలుకు 18. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం రెండున్నర చుట్లకు కొంచెం తక్కువ తిరుగుతాది. పెడలు చుట్టుకు ఒక్కసారే టక్కంటే క్రాంకు దిక్కు. రెండు మూడు సార్లు అంటే చక్రం, పుల్లలు పట్టి చూడు. పెడలు రెండున్నర చుట్లు తిరిగితే ఒకసారి అంటే చైనులో ఏదో లింకు బిగుసుకుంది.

నువ్వు చెప్పిందాన్ని బట్టి నాకు అనుమానం కాటర్ పిన్ మీదనే, అంటే క్రాంకును ఇరుసుకు బిగించే ఇనప చీల. క్రాంకుల్ని నేలకు సమంగా పెట్టి, రెండు చేతుల్తో రెండింటినీ ఒకేసారి కిందికి నొక్కి, ఒకేసారి పైకి లాగి ఆడించు. ఒకటి కదలకుండా ఇంకోటి ఇరుసు మీద కొంచెం ఊగిందా, ఆ ఊగేదాని పిన్నే. రెండూ కలిసి పక్కకు ఊగితే బీబీ కప్పు వదులు. పిన్‌ను నట్టుతో లాగి బిగించాలని చూడద్దు, మర పోతాది. క్రాంకు కింద గట్టి కట్టె మొద్దు ఆనించి, పిన్ లావు పక్క సుత్తితో గట్టిగా రెండు దెబ్బలెయ్, ఆ తర్వాత నట్టు తిప్పు. మొద్దు లేకుండా కొడితే ఆ దెబ్బ గుండ్ల మీద పడతాది.

ఎడమ పెడలు వదులైతే మాత్రం జాగర్త. దాని మర ఎదురుమర, అలవాటు ప్రకారం తిప్పితే ఊడొస్తాది.

మడ్‌గార్డు, స్టాండు, బెల్లు గలగలమంటే వెనక చక్రం జానెడు ఎత్తి వదులు, ఎవరిదో తెలిసిపోతాది.

చైనుకు మీ అవ్వ శెనక్కాయ నూనె పొయ్యద్దు, మన దుమ్ముకు బంకగా పేరుకుంటాది. కుట్టుమిషను నూనె లింకుకొక చుక్క ఏసి, పెడలు నాలుగు చుట్లు తిప్పి, పైన గుడ్డతో తుడువు. రిమ్ముకు, బ్రేకు రబ్బర్లకు తగలనియ్యద్దు.

పిన్ అరిగి గాడి పడింటే కొత్తది కొను, పాతది చేతిలో పెట్టుకొని పో. లావు తేడా వస్తే దూరదు. ఆదివారం వస్తావు గదా, సుత్తి నా కాడ ఉండాది.

మీ తాత