గోడ లోపలి తీగను ముందు చూపించు

చిరంజీవి సౌభాగ్యవతి చిన్నతల్లికి, తిరుపతి నుండి పెద్దమ్మ ఆశీర్వదించి రాస్తున్నది.

నీ సొంత జీతంతో అమ్మ గదికి ఏసీ కొన్నావనీ, వచ్చే ఆదివారం దాన్ని బిగించడానికి మనుషులు వస్తారనీ మీ అమ్మ ఫోనులో చెబుతుంటే, నిరుడు కత్తిరి ఎండల్లో ఆమె తడిగుడ్డ కప్పుకొని పడుకున్న రాత్రులు గుర్తొచ్చి నా కళ్ళు చెమర్చాయి. ఫోను పెట్టేశాక మాత్రం భయం పట్టుకుంది. చిత్తూరులోని మీ ఇల్లు, తాతగారు ఫ్యాన్లకూ బల్బులకూ లెక్కవేసి తీగలు లాగించిన పాత మిద్దె.

మంచం, బీరువా దూరంగా జరిపి పాత దుప్పట్లు కప్పడం, గది ఖాళీ చేయడం నీకు తెలిసిన పనులే.

నేను చేసిన తప్పు ఇది. సుమారు 20 ఏళ్ళ క్రితం మా అత్తగారి గదికి ఏసీ పెట్టించినప్పుడు, మెయిన్ బోర్డు నుండి దానికి వేరే లైను లాగాలని బిగించడానికి వచ్చిన అబ్బాయి చెప్పాడు. మీ అక్క పెళ్ళికని అప్పుడే గోడలకు రంగులు వేయించి ఉన్నాము. గోడ చెక్కితే పాడవుతుందని నేనే ఒప్పుకోక, ఉన్న లైనుకే కలపమని పట్టుబట్టాను. 75 వాట్ల ఫ్యానుకు వేసిన సన్నని తీగ 1,500 వాట్ల యంత్రాన్ని గంటల తరబడి మోయవలసి వచ్చింది. పది రోజులు బాగానే నడిచింది. ఒక అర్ధరాత్రి రబ్బరు కాలిన వాసనకు మెలకువ వచ్చి పరుగెత్తితే, బీరువా వెనుక స్విచ్చుబోర్డు నల్లబడి కరుగుతోంది. చల్లదనం పోకూడదని తలుపులన్నీ మూసిన ఆ గదిలో అత్తగారు ఏమీ ఎరగక నిద్రపోతున్నారు. మీ పెదనాన్న మెయిన్ ఆపేశారు, ఆమెకు ఏమీ కాలేదు. తెల్లవారేదాకా ఆమె మంచం పక్కనే కూర్చున్నాను. గోడ రంగు మీద చూపిన శ్రద్ధ ఆమె ప్రాణం మీద చూపలేదే అన్న మాట ఈనాటికీ నన్ను వదలలేదు.

అందుచేత, తల్లీ, ఆదివారం కంటే ముందే మంచి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, మెయిన్ బోర్డు నుండి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో వేరే లైను, దానికి 20 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగిపోయే స్విచ్చు), 16 ఆంపియర్ల సాకెట్టు పెట్టించు. ఎర్తింగు ఉన్నదని నోటి మాటగా చెబితే నమ్మకు, పరీక్షించి చూపమను. కరెంటు బిల్లు మీద లోడు ఎన్ని కిలోవాట్లో చూసి, చాలకపోతే విద్యుత్తు కార్యాలయంలో పెంచమని దరఖాస్తు ఇవ్వు. డబ్బు చాలలేదని ఈ పని వాయిదా వేశావంటే నాకు నిజంగానే కోపం వస్తుంది. చాలకపోతే నన్ను అడుగు, నేను పరాయిదాన్ని కాదు.

గోడకు వేసే రంధ్రం బయటివైపుకు కొద్దిగా వాలి ఉండాలి, లేకుంటే నీరు గదిలోకే కారుతుంది. పైపులు బిగించాక వాక్యూమ్ పంపుతో లోపలి గాలినీ తేమనూ తీసివేశాకే గ్యాసు వదలమను. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్32 గ్యాసుకు మంట అంటుకునే గుణం ఉంది. కాబట్టి ఆ రోజు అమ్మను పూజ పెందలాడే ముగించమను, దీపం కొండెక్కాకే పని మొదలుపెట్టనివ్వు. బయటి యూనిట్టు బిగించే అబ్బాయిని నడుముకు తాడు లేకుండా పిట్టగోడ దాటనివ్వకు. వాడూ ఒక తల్లి బిడ్డే. ఎండలో పనిచేసేవాళ్ళకు మజ్జిగ కలిపి ఉంచు.

ఆదివారం తెల్లవారుజామున మొదటి బస్సుకే బయలుదేరి వస్తున్నాను. ఆ కొత్త లైనును నా కళ్ళతో చూసేదాకా ఏసీ స్విచ్చు వేయనివ్వకు.

ప్రేమతో,
పెద్దమ్మ