స్కేల్ మోడలింగ్: విమానం తగ్గుతుంది, వేళ్లు తగ్గవు

స్కేల్ మోడల్స్, అంటే అసలు విమానాలు, ఓడలు, ట్యాంకుల కొలతలను ఒకే నిష్పత్తిలో తగ్గించిన నమూనాలు, కట్టేవాళ్లు ఎప్పుడు చూసినా విసుక్కుంటూనే కనిపిస్తారు, అయినా ఆ పని మానరు; అందులో అంత చిరాకు పెట్టేది ఏమిటి, కొత్తవాళ్లు మొదలుపెట్టవచ్చా అని అడిగారు. విశాఖపట్నంలో ఉంటూ చాలా ఏళ్లుగా ప్లాస్టిక్ విమానాలు, అప్పుడప్పుడు ఓడలు కడుతున్నవాడిగా నా అనుభవం చెబుతాను.

చూసేవాళ్లు ఇదంతా ఓపికకు సంబంధించిన వ్యవహారం అనుకుంటారు. నన్నడిగితే ఇది భౌతికశాస్త్రానికి సంబంధించిన వ్యవహారం. కిట్ తయారుచేసే కంపెనీ విమానాన్ని 72వ వంతుకు తగ్గించి పెట్టెలో సర్దుతుంది గానీ, ఆ పెట్టె తెరిచిన గదిలోని దుమ్ము, తేమ, జిగురు, ఫ్యాను గాలి, నా బొటనవేలు ఇవేవీ ఆ నిష్పత్తికి లోబడవు. మా విసుగుల్లో చాలావాటికి మూలం ఇదే.

1/72 స్కేలులో ఆరడుగుల మనిషి సరిగ్గా ఒక అంగుళం ఎత్తు ఉంటాడు. 2025 సెప్టెంబరులో మన వైమానిక దళం వీడ్కోలు చెప్పిన మిగ్-21నే తీసుకోండి. అసలు విమానానికి ఈ చివర నుంచి ఆ చివర దాకా రెక్కలు ఏడు మీటర్ల పైచిలుకు ఉంటాయి. ఈ స్కేలులో అవి పది సెంటీమీటర్లు కూడా నిండవు. ఆ రెక్క మీద తడి రంగులో ఒక తలవెంట్రుక పడిందంటే, అసలు విమానం మీద ఐదు మిల్లీమీటర్ల లావు తీగను పరిచి దాని మీదుగా రంగు వేసినట్టు లెక్క. ప్రైమర్ అనే అడుగు పూత, రంగు, వార్నిష్ అన్నీ కలిపి మిల్లీమీటరులో పదోవంతు మందం పేరుకుంటే, అసలు విమానానికి ఏడు మిల్లీమీటర్ల పూత పూసినట్టు. ఆరకముందే పట్టుకుంటే పడే వేలిముద్ర అక్కడ మీటరు పైనే ఉంటుంది. ఈ లెక్కలు తెలిసిన తరువాత మనిషికి మనశ్శాంతి ఉండదు.

అదే మిగ్-21 ముక్కు దగ్గర గాలి వేగాన్ని కొలిచే పిటో గొట్టం ఒకటి ముందుకు పొడుచుకువచ్చి ఉంటుంది. కిట్‌లో అది చీపురుపుల్ల కన్నా సన్నని ప్లాస్టిక్ ముక్క. స్ప్రూ, అంటే ముక్కలన్నీ అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం, నుంచి కత్తిరించేటప్పుడు విరగకపోతే గరుకు కాగితంతో రుద్దేటప్పుడు విరుగుతుంది, అప్పుడూ బతికితే రంగు వేసేటప్పుడు, అదీ దాటితే బీరువాలో పెట్టేటప్పుడు తలుపు తగిలి విరుగుతుంది. చివరికి మందుల దుకాణంలో ఇంజెక్షన్ సూది కొని, దానిని కత్తిరించి ఆ స్థానంలో అతికించడం చాలామంది మోడలర్ల లాగే నాకూ అలవాటైంది. ఇక ఆ గొట్టం విరగదు, కాకపోతే విమానాన్ని పట్టుకున్నప్పుడల్లా నాకే గుచ్చుకుంటుంది.

ముక్కలు మాయమైపోవడం గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. విదేశీ మోడలర్లు దీనికి తమ గదుల్లోని తివాచీని నిందిస్తారు. మన ఇళ్లలో తివాచీలు లేవు కదా, పడిన ముక్క ఎదురుగా కనబడుతుందనుకుంటే అది పొరపాటు. నున్నటి టైల్స్ మీద పడ్డ ప్లాస్టిక్ ముక్క ఎగిరి, దొర్లి, ఆ గదిలో అన్నిటికన్నా బరువైన సామాను ఏదో చూసుకుని దాని కిందికే చేరుతుంది. దీనికితోడు ఫ్యాను సమస్య ఒకటి ఉంది, ఇది పూర్తిగా మనదే. మే నెలలో విశాఖలో ఫ్యాను వేసుకుంటే ట్వీజర్ చివర ఉన్న ముక్క ఎగిరిపోతుంది, తడి రంగు మీద దుమ్ము వాలుతుంది. ఆపితే నుదుటి చెమట సరిగ్గా కాక్‌పిట్‌లో పడుతుంది. నేను మాత్రం వేసవిలో కత్తిరింపులు, రుద్దడాలు పెట్టుకుని, జిగురు, రంగు పనులు శీతకాలానికి వాయిదా వేస్తాను. చిన్న ముక్కలను పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి కత్తిరిస్తే ఎగిరినా సంచిలోనే ఉంటాయి. అప్పటికీ నేల మీద పడితే గదిలో దీపాలు ఆర్పి, టార్చిలైటును నేలకు ఆనించి వెలిగించి చూడండి. ఎంత చిన్న ముక్కకైనా పొడవైన నీడ పడుతుంది. కాకపోతే చీపురు పట్టుకున్నవాళ్లు ఆ గదిలోకి రాకముందే ఈ పని పూర్తికావాలి. మా ఇంట్లో చెత్తను నేను చూడనిదే బయట పారేయకూడదని నియమం పెట్టినప్పటి నుంచి మా అమ్మ నన్ను చూసే చూపు మారింది.

వాన కాలంలో థిన్నర్‌తో పలచబరిచే లాకర్ (lacquer) రంగులను ఎయిర్‌బ్రష్‌తో, అంటే గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పెన్ను లాంటి పరికరంతో, కొట్టకండి. వాటిలోని థిన్నర్ చాలా వేగంగా ఆవిరవుతుంది, ఆ ఆవిరితో పాటు ఉపరితలం చల్లబడుతుంది, గాలిలోని తేమ దాని మీద చేరుతుంది, నిగనిగలాడవలసిన నల్ల రంగు బూజు పట్టినట్టు తెల్లబడుతుంది. నెమ్మదిగా ఆరేలా చేసే రిటార్డర్ కలిపిన థిన్నర్ వాడితే చాలావరకు గట్టెక్కవచ్చు. సముద్రపు ఒడ్డున ఉంటున్నందుకు చెల్లించే అద్దెలో ఇదీ ఒక భాగమని సరిపెట్టుకుంటున్నాను.

రంగు ఎలా పడాలన్నది ఒక బాధ అయితే, ఏ రంగు వేయాలన్నది ఇంకో బాధ. ఒకే విమానానికి వాడిన బూడిద రంగు ఏ ఛాయలో ఉండేదన్న దాని మీద మోడలర్లు ఫొటోలు, కొత్త పూత, ఎండకు వెలిసిన పూత, కెమెరా ఫిల్ము లక్షణాలు అన్నీ పోగేసి ఏళ్ల తరబడి వాదించుకుంటారు. నేను కూడా అలాగే ఒక బూడిద రంగును మూడు సీసాల నుంచి కలిపి, చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కల మీద పూసి, వైమానిక దళంలో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైన మా మేనమామ ముందు వరసగా పెట్టి, "మావయ్యా, నువ్వు చూసిన రంగు ఇందులో ఏది?" అని అడిగాను. ఆయన కళ్లజోడు సరిచేసుకుని అన్నింటినీ శ్రద్ధగా పరిశీలించి, "ఒరేయ్, బూడిద రంగు ఏదైనా బూడిద రంగేరా" అన్నాడు. అంతటితో ఆగక, నేను కట్టిన విమానం మీద రేకుల అతుకులను చూపే ప్యానెల్ గీతలను చూసి, ఇంత వెడల్పు సందులుంటే తన స్క్రూడ్రైవర్ జారి లోపల పడిపోయేదని వ్యాఖ్యానించాడు. నాకు కోపం వచ్చిన మాట నిజమే కానీ, లెక్క వేసి చూస్తే ఆయన అన్నదానిలో తప్పులేదు. మిల్లీమీటరులో ఆరో వంతు గాడి కూడా 72 రెట్లు పెంచితే సెంటీమీటరు దాటిపోతుంది.

డెకాల్స్, అంటే నీళ్లలో నానబెట్టి జార్చి అతికించే గుర్తులు, వేరే కోవకు చెందిన పరీక్ష. మన వైమానిక దళపు గుర్తులో బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ ఉంటాయి. అచ్చు కాస్త పక్కకు జరిగితే ఆ తెల్లటి వలయం ఒకవైపు నెలవంకలా లావెక్కుతుంది, రెండోవైపు కనిపించదు. అచ్చు సరిగ్గా కుదిరిన గుర్తు మాత్రం నానిన తరువాత తన మీదికి తానే మడతపడుతుంది. చాలాకాలం పెట్టెలో పడి ఉన్న డెకాల్స్ అయితే నీళ్లు తగలగానే ముక్కలు ముక్కలుగా విడిపోతాయి. ముందుగా ఒక మూలన ఉన్న, అక్కరలేని గుర్తును నానబెట్టి చూసి, అది విడిపోతే మొత్తం షీటు మీద పారదర్శకమైన వార్నిష్ ఒక పూత వేసి ఆరనిచ్చి వాడండి. అప్పుడు ప్రతి గుర్తునూ అంచుల వెంట విడివిడిగా కత్తిరించుకోవలసి వస్తుంది, కానీ అది భరించదగిన శ్రమే.

బరువు సంగతి మరీ విచిత్రం. పొడవు 72వ వంతుకు తగ్గితే బరువు 72 ఘనానికి, అంటే దాదాపు మూడు లక్షల డెబ్బై మూడు వేల వంతుకు తగ్గాలి. అది కూడా అసలు విమానంలో బరువు ఎక్కడెక్కడ ఉందో మోడల్‌లోనూ అక్కడే ఉండాలి. ప్లాస్టిక్ మోడల్ లోపల అంతా బోలు. అందుకని ముక్కు కింద చక్రం ఉండే విమానాల్లో చాలా వాటికి ముందుభాగంలో బరువు పెట్టకపోతే, అంతా అయ్యాక నేల మీద నిలబెట్టగానే తోక మీద కూలబడి ముక్కు ఆకాశం వైపు ఎత్తుతాయి. రెండు సగాలనూ అతికించి, పుట్టీ పెట్టి, రుద్ది, రంగు వేశాక ఇక లోపల ఏమీ పెట్టలేం. చేపల గాలాలకు కట్టే సీసపు గుళ్లు ఇక్కడ రేవు దగ్గర తేలికగా దొరుకుతాయి కనుక నేను సూచనల కాగితంలో ఉన్న దానికన్నా ఎక్కువే కూరుతాను. అప్పుడు చక్రాలుండే సన్నని కాళ్లు ఆ బరువుకు మెల్లగా వంగుతాయి.

కొలత తగ్గనన్న వస్తువు చేతిలో ఓడిపోయింది మా వంటివాళ్లే కాదు. ప్రపంచమంతా ట్యాంకుల మోడల్స్‌కు వాడే 1/35 స్కేలు పుట్టుక కూడా అలాంటిదే. జపాన్‌లోని షిజువోకాకు చెందిన తమియా కంపెనీ 1961లో మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు మోడల్‌ను తెచ్చినప్పుడు, లోపల బ్యాటరీలు పట్టాలి కాబట్టి దానికి తగ్గట్టు ట్యాంకు పరిమాణాన్ని నిర్ణయించారు. అది కొలిచి చూస్తే ఇంచుమించు 1/35 అయింది. బ్యాటరీ తగ్గలేదు కనుక ట్యాంకే సర్దుకుంది, ఆ తరువాత మిగతా కంపెనీలు చాలావరకు దాని వెనుక నడిచాయి.

ఇంట్లో అలమర కూడా తగ్గదు. మా బీచ్ రోడ్డులో 2017 నుంచి మ్యూజియంగా ఉన్న టీయూ-142 నౌకాదళ విమానాన్ని చూసి మోజు పడ్డవాళ్లకు ఇది త్వరగా తెలిసివస్తుంది. యాభై మీటర్ల రెక్కలున్న ఆ విమానం 1/72లో కూడా డెబ్బై సెంటీమీటర్లు అడుగుతుంది. దాని ఎదురుగా ఉన్న కురుసుర జలాంతర్గామి పొడవు 91 మీటర్లు. అదే స్కేలులో కడితే మీటరూ పావు దాటుతుంది. "దీనిని ఎక్కడ పెడతారు?" అని మా ఆవిడ అడిగే ప్రశ్నకు నా దగ్గర ఎప్పుడూ సూటి సమాధానం ఉండదు. చుట్టాలు అడిగే "ఇది ఎగురుతుందా?" అన్న ప్రశ్నకు మాత్రం ఉంది. ఎగరదు. వాళ్ల ముఖాల్లో కనిపించే నిరాశకు నేను బాధ్యుణ్ణి కాను.

ఇక మొదలుపెట్టవచ్చా అన్న మాటకు వస్తే, తప్పక పెట్టండి. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఒంటి ఇంజను విమానం ఏదైనా 1/48లో తీసుకోండి. ముక్కలు చేతికి అందే పరిమాణంలో ఉంటాయి, వాటిలో చాలావాటికి తోక కింద చక్రం ఉంటుంది కనుక బరువు గొడవ లేదు. మెరిసే లోహపు రంగున్న విమానం జోలికి ఇప్పుడే వెళ్లకండి, అది ప్రతి గీతనూ పట్టి చూపిస్తుంది. నీళ్లతో పలచబడే యాక్రిలిక్ రంగులు కొని, కుంచెతోనే వేయండి. కాక్‌పిట్ అద్దాన్ని సూపర్ గ్లూతో మాత్రం అతికించకండి, దాని ఆవిరికే అద్దం లోపలి వైపు తెల్లగా మసకబారుతుంది. ఆరాక పారదర్శకంగా మారే తెల్ల జిగురు చాలు. ఆ కిట్ సగం కాకముందే రెండోది కొంటారు, మూడోది కూడా కొంటారు. వాటిని పెట్టడానికి మంచం కింద చోటు ఇప్పుడే చూసి ఉంచుకోండి.