సింగర్ వెళ్లిపోతే డ్రమ్మర్ పాడొచ్చా? ఫిల్ కాలిన్స్ సంగతి చెబుతాను

మీరు అడిగింది ఇదీ: బ్యాండ్‌లో డ్రమ్స్ వాయిస్తారు, సింగర్ పైచదువులకి వెళ్లిపోతున్నాడు, మిగతావాళ్లు మిమ్మల్నే పాడమంటున్నారు. డ్రమ్మర్ ముందుకొచ్చి నిలదొక్కుకున్న ఉదాహరణలు ఉన్నాయా అని.

ఉన్నాయి. ఈ మాట రాగానే అందరూ డేవ్ గ్రోల్ పేరు ఎత్తుతారు. నిర్వాణా బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించి, 1994లో ఆ బ్యాండ్ సింగర్ కర్ట్ కోబేన్ పోయాక ఫూ ఫైటర్స్ అనే బ్యాండ్ పెట్టి గిటార్‌తో ముందుకొచ్చాడు. గొప్ప కథే గానీ ఆయనది కొత్త బ్యాండు, కొత్త పాటలు. మీదేమో ఉన్న బ్యాండు, జనానికి అలవాటైపోయిన పాటలు, వెళ్లిపోయే సింగర్. దీనికి అచ్చంగా సరిపోయేది జెనెసిస్ బ్యాండ్ డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్. నేను కూడా మీలాగే ఇరుక్కున్నవాణ్ణి. ఇంజనీరింగ్‌లో ఉండగా మా సింగర్‌కి అమెరికా వీసా వచ్చింది, కాలేజీ ఫెస్ట్ నెత్తిమీదకొచ్చింది, అందరూ నావైపు చూశారు. కాలిన్స్ గురించి వెతికి వెతికి చదివింది అప్పుడే.

కాలిన్స్ 1951లో లండన్‌లో పుట్టాడు. ఐదేళ్ల వయసు నుంచే డ్రమ్స్. అయితే చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. కుర్రాడిగా ఉన్నప్పుడే లండన్ వెస్ట్ ఎండ్ నాటకశాలలో 'ఆలివర్!' అనే సంగీత నాటకంలో ఆర్ట్‌ఫుల్ డాడ్జర్ వేషం కట్టాడు. అంటే జనం ముందు నిలబడి పాడటం, నటించడం అతనికి చిన్నప్పుడే తెలుసు. తర్వాత వెళ్లి డ్రమ్స్ వెనక కూర్చున్నాడు, అంతే.

1970లో జెనెసిస్ వాళ్లు డ్రమ్మర్ కావాలని పేపర్లో ప్రకటన ఇచ్చారు. ఆడిషన్ బ్యాండ్ సింగర్ పీటర్ గాబ్రియేల్ వాళ్ల అమ్మానాన్నల ఇంట్లో. కాలిన్స్ ముందే వెళ్లాడు. మీ వంతు వచ్చేదాకా కావాలంటే ఈత కొట్టమన్నారట. కొలనులో ఈదుతూ, లోపల ఒకరి తర్వాత ఒకరు వాయిస్తున్నది చెవులు రిక్కించి విని, మొత్తం బట్టీ పట్టేశాడు. ఇది చదివినప్పుడు భలే నవ్వొచ్చింది. మంచి డ్రమ్మర్‌కి కావలసింది మొదట చెవులేనని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

గాబ్రియేల్ మామూలు సింగర్ కాదు. తలకి నక్క ముఖం తగిలించుకుని, భార్య ఎర్రగౌను తొడుక్కుని స్టేజి మీదకి వచ్చిన మనిషి. 1975లో ఆయన బ్యాండ్ వదిలేశాక జెనెసిస్ పని అయిపోయిందనే అంతా అనుకున్నారు. మిగిలిన నలుగురూ పాటలు తయారు చేసుకుంటూనే సింగర్ కోసం వరసగా ఆడిషన్లు పెట్టారు. వచ్చినవాళ్లకి పాట నేర్పించే పని ఎవరిది? కాలిన్స్‌ది. అప్పటికే ప్రతి ఆల్బమ్‌లోనూ వెనక గొంతు ఇస్తున్నాడు, ఒకటి రెండు పాటలు సొంతంగా పాడాడు కూడా. నేర్పించేవాడే నేర్చుకోవడానికి వచ్చినవాళ్ల కంటే బాగా పాడుతుంటే ఎన్నాళ్లు పక్కన పెడతారు? చివరికి అతనే పాడాడు. 1976లో వచ్చిన 'ఎ ట్రిక్ ఆఫ్ ది టెయిల్' బాగా ఆడింది.

స్టూడియోలో పాడటం ఒక ఎత్తు, స్టేజి ఒక ఎత్తు. డ్రమ్స్ వదిలి ముందుకి రావడం కాలిన్స్‌కి ఇష్టం లేదు. వెనక ఎవరో ఒకరు కూర్చుంటే చాలనీ అనుకోలేదు. ఆ టూర్‌కి యెస్, కింగ్ క్రిమ్సన్ అనే పేరున్న బ్యాండ్‌లలో వాయించిన డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్ వచ్చాడు. 1976 మార్చిలో లండన్‌లో తొలి కచేరీ. ఆ లండన్ కాదు, కెనడాలో ఒంటారియో రాష్ట్రంలో ఉన్న లండన్. మరుసటి ఏడాది నుంచి చెస్టర్ థాంప్సన్, అంతకుముందు రాక్ గిటారిస్ట్ ఫ్రాంక్ జాపాతోనూ వెదర్ రిపోర్ట్ అనే జాజ్ బ్యాండ్‌తోనూ వాయించినవాడు. స్టేజి మీద ఎప్పుడూ రెండు డ్రమ్ కిట్లు ఉండేవి. పాట ఆగి వాయిద్యాలు అందుకునే చోట కాలిన్స్ వెనక్కి పరిగెత్తి రెండో కిట్ మీద కూర్చునేవాడు, ఇద్దరూ కలిసి వాయించేవాళ్లు. నా దృష్టిలో ఆ కథకి గుండెకాయ ఇదే. మీరు పాడగలరా లేదా అన్నది తర్వాత, మీ స్టూల్ మీద ఎవరు కూర్చుంటారో ముందు తేల్చుకోండి.

మేము మొదట అలా చెయ్యలేదు. వాయిస్తూనే పాడమన్నారు. ప్రయత్నించండి, తెలుస్తుంది. చరణం మధ్యలో ఊపిరి పీల్చుకునే చోట కుడిచెయ్యి హై-హ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట తాళాలు) మీద క్షణం తడబడుతుంది. మైకు నోటి దగ్గరికి లాక్కుంటే క్రాష్ అనే పెద్ద తాళం కొట్టేటప్పుడు కర్ర పోయి స్టాండుకి తగులుతుంది. దానికితోడు ఎదురుగా ఉండే స్నేర్ డ్రమ్ చప్పుడంతా పాడే మైకులోకి దూరి, సౌండ్ అబ్బాయి గొంతు పెంచిన ప్రతిసారీ డ్రమ్స్ కూడా పెరుగుతాయి. చివరికి ఒక జూనియర్‌ని కూర్చోబెట్టి నేను ముందుకొచ్చాను. అప్పుడు ఇంకో టెన్షన్. చేతులు ఏం చెయ్యాలో తెలియదు! మొదటి పాటంతా ప్యాంటు మీద దరువేస్తూ పాడానని వీడియోలో చూశాకే తెలిసింది.

కాలిన్స్ దీనికి కనిపెట్టిన ఉపాయం టాంబరిన్, అంటే చుట్టూ చిన్న బిళ్లలు గలగలలాడే కంజిర లాంటి వాయిద్యం. దాన్ని మోచేతికి, మోకాలికి, నెత్తికి కొట్టుకుంటూ, చివరికి పాదంతో తన్నుతూ స్టేజంతా గంతులేసేవాడు. గాబ్రియేల్ వేషాల్ని అనుకరించకుండా జనాన్ని నవ్వించే దారి పట్టాడు. తెలివైన పని. వెళ్లిపోయిన సింగర్‌లా చెయ్యబోతే పోలిక తప్పదు, పోలికలో మనమే ఓడిపోతాం.

ఇంకోటి, స్టూల్ మీద ఉన్నప్పుడు కాలితో కొట్టే కిక్ డ్రమ్ అదురు ఒళ్లంతా తెలుస్తుంది. ముందు నిలబడితే అది ఉండదు, పాట తాళం కన్నా ముందుకి ఉరుకుతుంది. మానిటర్‌లో (స్టేజి మీద మీవైపు తిప్పి పెట్టే స్పీకర్) మీ గొంతుతో పాటు కిక్, హై-హ్యాట్ గట్టిగా పెట్టించుకోండి.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా. మొదటి పెళ్లి విడిపోయిన బాధలో ఇంట్లో ఒంటరిగా చేసుకున్న పాటలు 1981లో 'ఫేస్ వాల్యూ' ఆల్బమ్‌గా వచ్చాయి. అందులోని 'ఇన్ ది ఎయిర్ టునైట్' ఒక్కటి మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. పేరుమోసిన డ్రమ్మర్ పాట, కానీ మొదలయ్యేది రోలాండ్ కంపెనీ డ్రమ్ మెషిన్‌తో. దాదాపు 3 నిమిషాల 40 సెకన్ల దాకా అసలు డ్రమ్స్ రావు. వచ్చాయా, గోడ కూలినట్టు వస్తాయి. ఆ చప్పుడు అంతకుముందు గాబ్రియేల్ సోలో ఆల్బమ్ రికార్డింగ్‌లో అనుకోకుండా దొరికింది. స్టూడియోలో వాద్యకారుల మాటలు ఇంజనీర్‌కి వినిపించడానికి పైన ఒక మైకు ఉంటుంది. దాని కంప్రెసర్ చిన్న శబ్దాన్ని కూడా పెద్దది చేస్తుంది. కాలిన్స్ వాయిస్తుండగా అది ఆన్‌లో ఉంది, డ్రమ్స్ భీకరంగా వినిపించాయి. ఇంజనీర్ హ్యూ ప్యాడ్‌గమ్ దానికి గేట్ తగిలించి, ఆ మోత సాగకుండా టక్కున తెగిపోయేలా చేశాడు. ఎనభైల్లో ఎక్కడ విన్నా ఆ డ్రమ్సే.

1985 జూలై 13న ఇథియోపియా కరువు బాధితుల కోసం జరిగిన లైవ్ ఎయిడ్ కచేరీకి లండన్‌లో పాడి, శబ్దం కన్నా వేగంగా ఎగిరే కాంకార్డ్ విమానం ఎక్కి అదే రోజు ఫిలడెల్ఫియాలోనూ పాడాడు, వాయించాడు. అప్పట్లో ఎక్కడ చూసినా ఈయనే, జనానికి మొహం మొత్తింది కూడా. ఆ పదేళ్ల మెత్తటి పాటల్లో సగం నాకూ నచ్చవు.

2007 జెనెసిస్ టూర్ నాటికి మెడ వెన్నుపూసలు దెబ్బతిని చేతుల్లో పట్టు పోయింది. 2009లో ఆపరేషన్ అయింది. 2010 ఆల్బమ్‌కి కర్రలు చేతులకి టేపుతో చుట్టుకుని వాయించాడు. 2017లో మళ్లీ కచేరీలు మొదలుపెట్టినప్పుడు కుర్చీలో కూర్చుని పాడాడు, డ్రమ్స్ మీద 16 ఏళ్ల కొడుకు నిక్. 2022 మార్చిలో లండన్‌లో జెనెసిస్ ఆఖరి కచేరీకి వాయించిందీ నిక్కే.

మీరు ముందుగా వినాల్సింది 1977లో వచ్చిన 'సెకండ్స్ అవుట్' లైవ్ ఆల్బమ్. ఎక్కువ పాటల్లో థాంప్సన్, 'సినిమా షో' పాటలో బ్రూఫర్డ్. పాట ఆగాక రెండో కిట్ ఎక్కడ కలుస్తుందో పట్టుకోండి. మీ వెనక కూర్చోబోయే కుర్రాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకుని వినండి, సింగర్ ఫ్లైట్ ఎక్కేలోపే.