గోడ మీద సంఘం బోర్డు చూసి యాత్రకు డబ్బు కట్టాం, వస్తుందా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నిరుడు కార్తీకంలో కాశీ, గయ, ప్రయాగ తీసుకెళ్తానని ఒక ట్రావెల్స్ ఆయన మా వీధిలో పదకొండుమంది దగ్గర తలకు 18,000 రూపాయలు తీసుకున్నాడు. అందరి డబ్బూ పోగుచేసి నేనే ఫోన్‌పేలో పంపాను. ఆఫీసు గోడకు ట్రావెల్ ఏజెంట్ల జాతీయ సంఘం బోర్డు ఉంటే ధైర్యపడ్డాం. కార్తీకం అన్నది సంక్రాంతి అయింది, సంక్రాంతి శివరాత్రి అయింది. ఇప్పుడేమో రసీదు వెనక ‘కట్టిన సొమ్ము వాపసు ఇవ్వబడదు’ అని ఉంది చూసుకోమంటున్నాడు. సంఘానికి రాసి నాలుగు నెలలైంది. వాళ్ళు ఇప్పిస్తారా? వీధిలో అందరూ నన్నే అడుగుతున్నారు.

జవాబు: అమ్మా, సంఘం మీ డబ్బు కట్టదు. కట్టమని దాని మీద ఒత్తిడి తెచ్చే చట్టమూ లేదు. ఇలాంటి సంఘాల్లో పాతదైన ట్రావెల్ ఏజెంట్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా 1951 నుంచి ఉంది. అయినా అది ఏజెంట్లు తమంతట తాము పెట్టుకున్న సంఘమే, సర్కారు లైసెన్సు ఇచ్చే ఆఫీసు కాదు. సభ్యుణ్ణి పిలిచి అడగగలదు, రాజీ కుదర్చగలదు, వినకపోతే సభ్యత్వం తీసేయగలదు. యాత్రలు అమ్మాలంటే అందులో చేరి తీరాలన్న నియమం కూడా లేదు. గల్ఫ్‌కు పనికి పంపే ఏజెంట్ల సంగతి వేరు. వాళ్ళకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నరసాపురం, కోనసీమ పక్క ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టి నష్టపోయేవాళ్ళు ఎక్కువ కాబట్టి ఈ మాట చెబుతున్నాను.

నా భయమల్లా మీ నాలుగు నెలల గురించే. వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళడానికి గడువు రెండేళ్ళు. సంఘంతో ఉత్తరాలు నడుస్తున్నాయని ఆ గడువు ఆగదు. శివరాత్రి నుంచి కాదు, కార్తీకంలో బయలుదేరాల్సిన రోజు నుంచే లెక్కేసుకోండి.

అలాగని ఆ బోర్డు పనికిరానిది కాదు. దాన్ని ఇవాళే ఫొటో తీయండి. ఆయన సభ్యుడేనా అని ఆ ఒక్క ముక్కే అడుగుతూ సంఘానికి మళ్ళీ రాయండి. కాదని జవాబొస్తే, లేని సభ్యత్వం చూపి సేవ అమ్మినట్టే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం దాన్ని అక్రమ వ్యాపార పద్ధతి అంటుంది.

రసీదు వెనక మాటకు భయపడకండి. యాత్ర మానుకున్నది మీరు కాదు, తీసుకెళ్ళనిది ఆయన. రైలు టికెట్లు నిజంగా కొని ఉంటే వాటి పీఎన్ఆర్ నంబర్లు, రద్దు ఖర్చుల కాగితాలు చూపించమనండి. అసలు ఒక్క టికెట్టూ కొనలేదని తేలితే, మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశమే ఉందని పోలీసులకు ఫిర్యాదు చేయడానికి బలం వస్తుంది.

ముందు పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఆ తర్వాత మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. మీరుండే చోటే వేసుకోవచ్చు, ఆయన ఊరికి వెళ్ళక్కర్లేదు. మొత్తం 1,98,000 రూపాయలు. 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే మాట్లాడుకోవచ్చు కూడా. అసలు, వడ్డీ, మనోవేదనకు పరిహారం, ఖర్చులు అన్నీ అందులోనే అడగండి. దారి తెలియకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే చెబుతారు.

ఇక వీధివాళ్ళ సంగతి. మీరు లాభం తీసుకోకుండా డబ్బు చేరవేశారంతే, ఆ బాకీ మీది కాదు. పదిమందినీ కూర్చోబెట్టి, ‘ఫలానా యాత్ర కోసం 18,000 రూపాయలు ఈమె ద్వారా ఫలానా ఏజెంటుకు కట్టాను, నా తరఫున కూడా ఫిర్యాదు వేయడానికి ఒప్పుకుంటున్నాను’ అని ఎవరికి వారు కాగితం రాసి సంతకం పెట్టమనండి. కమిషన్ ముందు అవి మీ సాక్ష్యాలు. రేపు ఎవరైనా మీ గుమ్మం ముందుకొచ్చి నిలదీస్తే చూపించాల్సినవీ అవే.