నీ వ్యాసంలో బీమ్ ఎక్కడుంది?

విజయవాడ

అమ్మాయికి ఆశీస్సులు.

బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ మీద గుంటూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. తెలుగు బాగుంది, తడబాటు లేదు. కానీ మొదటి నాలుగు పేజీలూ ఏ మెనూలోకి వెళ్లాలి, ఏ బటన్ నొక్కాలి అన్నదే. రన్ కొట్టగానే రంగురంగుల డయాగ్రమ్ వచ్చిందన్నావు. మరి బరువు మోసే ఆ దూలం, బీమ్, ఎక్కడుందమ్మా? కొత్త వెర్షన్ రాగానే ఆ మెనూలు మారిపోతాయి, నీ నాలుగు పేజీలూ పాతబడతాయి.

నా సంగతి ఒకటి చెప్తాను. రాతలోకి రాకముందు నేనూ డిజైన్లు చేసినవాడినే. పటమటలో ఒక పాత ఇంటికి హాలు కలుపుతున్నారు. 6 మీటర్ల బీమ్, రెండు పక్కలా ఇటుక గోడలు, దాని సొంత బరువుతో కలిపి మీటరుకు 20 కిలోన్యూటన్ల లోడు. సాఫ్ట్‌వేర్‌లో రెండు సపోర్టులూ ఫిక్స్‌డ్, అంటే చివరను తిరగనివ్వకుండా పట్టుకునేవి అని పెట్టేశాను. చివర్లలో 60, మధ్యలో 30 కిలోన్యూటన్ మీటర్ల బెండింగ్ మూమెంట్, అంటే బీమ్‌ను వంచే ప్రభావం, వచ్చింది. ఎర్రర్ ఒక్కటీ రాలేదు. డ్రాయింగ్ ఇచ్చేశాను.

కాంక్రీటు మర్నాడనగా సెంట్రింగ్ చూద్దామని వెళ్తే మేస్త్రీ అడిగాడు: "సార్, ఇది గోడ మీద ఊరికే కూర్చునే బీమే కదా, అడుగున ఇంత తక్కువ ఇనుమేంటి?" నాకు చెమటలు పట్టాయి. ఇటుక గోడ బీమ్ చివరను గట్టిగా పట్టుకోలేదు, తిరగనిస్తుంది. అలాంటప్పుడు మధ్యలో మూమెంట్ లోడును పొడవు వర్గంతో గుణించి 8తో భాగిస్తే వచ్చేది: 90. నేను ఇనుము వేయించింది 30కి! ఆ రాత్రి టెన్షన్ నాకే తెలుసు. పని ఆపించి, రాడ్లు మళ్లీ కట్టించాం.

నీ వ్యాసం ఇలాంటి చోట మొదలవ్వాలి. మొదట కాగితం మీద నా బీమ్ లాంటిదే ఒక్కటి గీయి. మొత్తం లోడు 120 కిలోన్యూటన్లు, ఒక్కో గోడకు 60, కాబట్టి చివర్లో షియర్, అంటే బీమ్‌ను అడ్డంగా కోసే బలం, 60. పాఠకుడు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాక సాఫ్ట్‌వేర్ తెరువు. అదే అంకె వస్తే అతనికి ధైర్యం వస్తుంది, రాకపోతే అనుమానం వస్తుంది. రెండూ మంచివే.

ఇంకో పని చెయ్యి. పాత సోఫాలోంచి పొడవాటి ఫోమ్ ముక్క ఒకటి తీసి, పక్కన స్కెచ్ పెన్‌తో నిలువు గీతలు గీయి. రెండు ఇటుకల మీద పెట్టి మధ్యలో నొక్కు. అడుగున గీతలు దూరమవుతాయి, పైన దగ్గరవుతాయి. ఇప్పుడు రెండు చివరలూ కదలకుండా, తిరగకుండా ఎవరినైనా గట్టిగా పట్టుకోమను. చివర్ల దగ్గర పైన గీతలు దూరమవుతాయి. ఎక్కడ దూరమైతే అక్కడ ఇనుము కావాలి. చూసిందంతా రాయి, నీ డయాగ్రమ్ దానంతటదే అర్థమవుతుంది.

మాటల దగ్గరా కాస్త జాగ్రత్త. "వంపు భ్రామకం" అని రాశావు. భ్రామకం మన పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాటే, కానీ సైటులో ఎవరూ అనరు. బెండింగ్ మూమెంట్ అనే రాయి. "అంతర బలాలు" మాత్రం ఉంచు, చూడగానే తెలుస్తుంది.

పోర్టల్ ఫ్రేమ్ (రెండు స్తంభాలు, పైన బీమ్) భాగం పర్వాలేదు. అయితే స్టిఫ్‌నెస్ మ్యాట్రిక్స్‌ను, అంటే ఫ్రేమ్ ఎంత గట్టిగా ఉందో చెప్పే అంకెల పట్టికను, మంత్రంలా వదిలేశావు. త్రీడీ ఫ్రేమ్‌లో ప్రతి జాయింటుకీ మూడు కదలికలు, మూడు తిరుగుళ్లు ఉంటాయని, వాటన్నిటికీ సమీకరణాలు సాఫ్ట్‌వేర్ ఒకేసారి సాధిస్తుందని రెండు వాక్యాల్లో చెప్పు చాలు. 1930లో అమెరికన్ ఇంజనీరు హార్డీ క్రాస్ చూపిన మూమెంట్ డిస్ట్రిబ్యూషన్ అనే పద్ధతితో ఒకప్పుడు ఇదే పని చేత్తో, దఫదఫాలుగా చేసేవాళ్లని కూడా కలుపు.

నువ్వు వదిలేసిన అసలు సంగతి ఒకటుంది. స్టాడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో సెల్ఫ్ వెయిట్ (సొంత బరువు) మనం ఇస్తేనే కలుస్తుంది. ఈటాబ్స్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో డెడ్ లోడ్ (ఎప్పుడూ ఉండే బరువు) కేసులో ముందే కలిసి ఉంటుంది. ఈటాబ్స్ నుంచి స్టాడ్‌కి వచ్చినవాడు మర్చిపోతాడు, స్టాడ్ నుంచి ఈటాబ్స్‌కి వెళ్లినవాడు రెండుసార్లు వేస్తాడు. దీనికి ఒక పేజీ ఇచ్చినా ఎక్కువేం కాదు.

మొదటి రెండు పేజీలు తిరగరాసి పంపు. బొమ్మలు చేత్తో గీసినవైనా ఫర్వాలేదు, ఫోమ్ ముక్క ఫోటో మాత్రం పెట్టు.

ఆశీస్సులతో,
మీ బాబాయి